టామరిండ్‌లో మన ఊరు లేదు

అధ్యక్షత వహిస్తున్న మా ప్రధానోపాధ్యాయురాలు మహేశ్వరి గారికి, ముఖ్య అతిథిగా వచ్చి ఇందాకే నన్ను ఆకాశానికి ఎత్తి, దించకుండా అక్కడే వదిలేసి పోయి కూర్చున్న చింతపండు వర్తకులు చంద్రశేఖర్ గారికి, వేదిక మీది పెద్దలకు, స్టాఫ్ రూంలో ఉన్న ఒకే ఒక్క ఫ్యాను కింద కుర్చీ కోసం నాతో ఏళ్ళ తరబడి పోట్లాడిన సహోపాధ్యాయులకు, ఈ సభ పెట్టిన నా పాత విద్యార్థినులకు, వాళ్ళు బలవంతాన పట్టుకొచ్చిన భర్తలకు, భోజనాల వాసన తగిలినప్పటి నుంచి నా వైపు చూడడం మానేసిన పిల్లలకు, అందరికీ నమస్కారం. (నవ్వులు)

మైకు కొంచెం కిందికి దించమ్మా. నేను పొట్టిదాన్నని ఈ బడిలో గోడలకు కూడా తెలుసు, ఈ మైకుకే ఇంకా తెలియలేదు.

నాకు పట్టుచీర పెట్టారు. ధర్మవరంలో మగ్గం ఇంట్లో పుట్టినదానికి ధర్మవరం చీరే పెట్టారు. మీరు ఫోటో కోసం నవ్వమన్నప్పుడు నేను అంచు వెనక్కి తిప్పి నేత చూస్తున్నాను, మీలో కొందరు గమనించి ముసిముసిగా నవ్వారు కూడా. ఏం చేయమంటారు, మా ఇళ్ళలో పుట్టినవాళ్ళకు అదొక జబ్బు. ఇచ్చినవాళ్ళ ముఖం తర్వాత చూస్తాం, చీర వెనకవైపు ముందు చూస్తాం. మంచి నేత. సంతోషం.

ముప్పై మూడేళ్ళ సర్వీసు. మొదట పెనుకొండ, తర్వాత హిందూపురం, మధ్యలో లేపాక్షి, రొద్దం, చివరికి మళ్ళీ హిందూపురం. ఈ నెలాఖరుకు అరవై రెండు నిండుతాయి. పదవీ విరమణ సభలో మాట్లాడేవాళ్ళు సాధారణంగా తమ గురించి చెప్పిన మంచి మాటలన్నీ విని, 'నేను అంతదాన్ని కాను' అని మర్యాదకు అంటారు. నేను మర్యాదకు అనడం లేదు. నిజంగానే అంతదాన్ని కాను, ఎంతదాన్నో చెప్పడానికే ఈ పది నిమిషాలు అడిగి తీసుకున్నాను.

ఇందాక చంద్రశేఖర్ గారు ఏమన్నారు? "ఇంగ్లీషు భాషలో మన హిందూపురం పేరు ఉండాదని ఈ ఊరికి చెప్పింది మన మాధవీలత టీచరమ్మ. టామరిండ్ అనే మాటలో ఇండ్ అంటే మన హిందూపురమే. నేను నా సంచుల మీద గూడా అచ్చేయించినా" అన్నారు. మీరు చప్పట్లు కొట్టారు. ఆయనకు ముందు మాట్లాడిన నలుగురూ అదే చెప్పారు. మీరు నాలుగుసార్లూ కొట్టారు. నా వెనక ఉన్న ఫ్లెక్సీలో నా ఫోటో, పక్కన చింతకాయల గుత్తి, కింద 'మన ఊరి పేరును ఇంగ్లీషులో చూపించిన గురువుకు' అని రాసి ఉంది. స్వప్నా, ఈ సభకంతా పెద్దరికం చేసింది నువ్వే కాబట్టి నీకే చెబుతున్నాను. ఫోటోలో నన్ను పదిహేనేళ్ళు చిన్నదాన్ని చేయించినందుకు చాలా థాంక్స్ తల్లీ. (నవ్వులు) ఫోటో కింద రాసినదాని సంగతే ఇప్పుడు మాట్లాడాలి.

అది తప్పు.

టామరిండ్‌లో హిందూపురం లేదు. ఎప్పుడూ లేదు. నేను మొదట తెలియక చెప్పాను. తెలిసిన తర్వాత ఇరవై ఒక్క ఏళ్ళు నోరు మూసుకుని కూర్చున్నాను. ఉద్యోగంలో నుంచి దిగిపోయే లోపల ఇది చెప్పకపోతే ఇందాక మీరు కప్పిన ఈ శాలువా నా భుజం మీద నిలవదు.

ఎట్లా జరిగిందో చెబుతాను. రెండువేల నాలుగు జూన్‌లో నేను పెనుకొండ నుంచి బదిలీ మీద ఈ బడికి వచ్చాను. కొత్త టీచరును తొమ్మిదో తరగతి ఎట్లా చూస్తుందో మీకు తెలుసు. మీరే ఆ తొమ్మిదో తరగతి కాబట్టి ఇంకా బాగా తెలుసు. రెండో వారంలో పాఠంలో టామరిండ్ అన్న మాట వచ్చింది. అంటే చింతపండు అన్నాను. అంతే, క్లాసు క్లాసంతా నిద్ర లేచింది. ఎందుకు లేవదు? సగం మంది ఇళ్ళలో అమ్మో అవ్వో చింతపండు పెంకు ఒలిచి గింజ తీసే పనే చేస్తున్నారు. తమ ఇంట్లో నట్టింట రాశి పోసి ఉన్న సరుకు ఇంగ్లీషు పుస్తకంలో కనిపించింది. వాళ్ళ కళ్ళు చూసి నాకు హుషారు పుట్టింది, హుషారులో నోరు జారింది. బోర్డు మీద మాట రాసి, చివర మూడు అక్షరాల కింద గీత గీసి, 'ఈ ఇండ్ ఏమిటనుకుంటున్నారు? హింద్. హింద్ అంటే మన హిందూపురం. ఇంగ్లీషువాడు మన ఊరు చూసి పెట్టిన పేరు' అన్నాను. ఎక్కడా చదవలేదు, ఎవరూ చెప్పలేదు. సుద్దముక్క చేతిలో ఉంది కాబట్టి అనేశాను.

సాయంత్రానికి ఆ మాట ఊరంతా తిరిగి వచ్చింది. మరునాడు పొద్దున బస్టాండు దగ్గర పూలమ్మే ఆదెమ్మ నన్ను ఆపి, "మా ఊరి పేరు ఇంగ్లీషులో ఉండాదని చెప్పిన టీచరమ్మ నువ్వేనా?" అని అడిగి, మూరకు ఇంకో జానెడు ఎక్కువ కొలిచి నా చేతిలో పెట్టింది. అంతకు ముందు పన్నెండేళ్ళు పెనుకొండలో చెమటోడ్చి గ్రామర్ చెప్పాను, అక్కడ ఎవరూ నాకు ఒక్క మల్లెమొగ్గ ఎక్కువ ఇవ్వలేదు. (నవ్వులు) బదిలీ మీద వచ్చినవాళ్ళకే తెలుస్తుంది ఆ జానెడు పూల విలువ. ఈ ఊరు ఒక్క పూటలో నన్ను తన మనిషిని చేసుకుంది. నాకు అది ఎంత ఇష్టమైందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఆ క్లాసులో అందరూ మురిసిపోతుంటే నాలుగో బెంచీలో నుంచి ఒక చెయ్యి లేచింది. గౌరి. వాళ్ళ అవ్వగారి ఊరు రొద్దం. "టీచర్, హిందూపురంలో చింతచెట్లు యాడుండాయి? పండు మా అవ్వగారి రొద్దం నుంచి వస్తాది, మడకశిర నుంచి వస్తాది, ఇంగా యాడ్యాడనుంచో లారీల్లో వస్తాది. ఈడ ఉండేది మార్కెట్టే గదా. పేరు పెట్టినోడు చెట్టు చూసి పెట్టినాడా, మార్కెట్టు చూసి పెట్టినాడా?" అని అడిగింది.

చూడండి ఎంత చక్కటి ప్రశ్నో. బి.ఎడ్.లో నాకు పాఠం చెప్పినవాళ్ళు కూడా అట్లాంటి ప్రశ్న అడగలేదు. నా దగ్గర జవాబు లేదు. జవాబు లేని టీచరు ఏం చేస్తుంది? పిల్లను నవ్వులపాలు చేస్తుంది. 'అయితే మీ అవ్వ ఊరి పేరు కలిపి టామరొద్దం అని పెట్టమందామా?' అన్నాను. క్లాసంతా పగలబడి నవ్వింది. 'కూర్చో' అన్నాను. కూర్చుంది.

ఆ తర్వాత రెండేళ్ళు, పదో తరగతి అయిపోయేదాకా, ఆ అమ్మాయిని ఈ బడిలో గౌరి అని పిలిచింది హాజరుపట్టీ ఒక్కటే. మీరందరూ టామరొద్దం అనే పిలిచారు. నేను విన్నాను. ఒకసారి వరండాలో అట్లా పిలుస్తుంటే నేనూ నవ్వుకుంటూ పోయాను. ఆ రెండేళ్ళలో గౌరి నా క్లాసులో మళ్ళీ చెయ్యి ఎత్తలేదు.

ఇప్పుడు అసలు సంగతి నాకెట్లా తెలిసిందో వినండి. పెనుకొండలో నాకు హెడ్మాస్టరు లక్ష్మీనారాయణ గారు. ఇద్దరమూ ధర్మవరం నుంచి పొద్దున ప్యాసింజరులో పోయేవాళ్ళం. ఆయన గుడ్డసంచిలో టిఫిన్ క్యారియరూ లావుపాటి ఇంగ్లీషు నిఘంటువూ పక్కపక్కనే ఉండేవి. అందుకే ఆ నిఘంటువులో కొన్ని పుటలు నిమ్మకాయ ఊరగాయ వాసన వచ్చేవి. "మాటకు గూడా ఊరుంటాదమ్మా, అవ్వ ఉంటాది, ముత్తవ్వ ఉంటాది. యాడ పుట్టిందో అడిగి తెలుసుకోవాల" అని రోజుకొక మాట తీసి నాకు దాని వంశం చెప్పేవారు. అంతటి మనిషి దగ్గర పన్నెండేళ్ళు రైల్లో కూర్చుని నేను నేర్చుకున్నది ఏమిటంటే, సుద్దముక్క దొరికితే సొంతంగా వంశవృక్షాలు నాటడం. (నవ్వులు)

బోర్డు మీద గీత గీసిన ఇరవై రోజులకు ఒక ఆదివారం నేను ఇక్కడి నుంచి రైల్లో ధర్మవరం పోతుంటే, పెనుకొండలో ఆయన నా పెట్టెలోనే ఎక్కారు. నేను గొప్పగా నా పరిశోధన చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వి, కళ్ళజోడు తుడుచుకుని, "ఏమమ్మా, అరబ్బోడు హిందూపురం యాడ చూసినాడు?" అన్నారు. సంచిలో నుంచి నిఘంటువు తీసి నా ఒళ్ళో పెట్టారు.

ఆ పుట చూస్తూ, ధర్మవరం వచ్చేదాకా ఆయన చెప్పింది మీకు రెండు నిమిషాల్లో చెబుతాను. పరీక్ష పెట్టను, భయపడకండి. మొదట సింధు. సంస్కృతంలో ఆ మాటకు నది అని అర్థం, ఆ పేరున్న నదీ ఉంది. పడమటి వైపు ఉన్న పారసీకుల నోట్లో మన 'స' చాలాచోట్ల 'హ' అవుతుంది, అందుకని సింధు హిందు అయింది, నది పేరు కాస్తా నదికి ఇవతలి దేశం పేరై హింద్ అయింది. అరబ్బులు ఆ హింద్ నుంచి వచ్చిన ఎండు చింతపండు చూశారు. నల్లగా, జిగటగా, లోపల గింజతో ఉండేసరికి వాళ్ళకు ఖర్జూరం గుర్తొచ్చింది. ఖర్జూరాన్ని వాళ్ళు తమ్ర్ అంటారు. తమ్ర్ హిందీ అన్నారు, అంటే హింద్ దేశపు ఖర్జూరం. ఖర్జూరమే కదా అని మొదట నోట్లో వేసుకున్నవాడు ఏమన్నాడో మాత్రం నిఘంటువులో రాయలేదు. (నవ్వులు) అరబ్బు వైద్యులు దాన్ని మందుగా వాడేవారు, వాళ్ళ వైద్య గ్రంథాల వెంట ఆ పేరు లాటిన్‌లోకి పోయి టామరిండస్ అయింది, ఫ్రెంచివాళ్ళ దగ్గర తోక కత్తిరించుకుంది, అక్కడి నుంచి ఇంగ్లీషులో దిగింది.

ఇంకా ఉంది. శాస్త్రజ్ఞులు ఆ చెట్టుకు టామరిండస్ ఇండికా అని పేరు పెట్టారు. ఇండికా కూడా ఆ సింధునే, కాకపోతే గ్రీకులు ఆ 'హ'ను కూడా మింగేశారు. అంటే ఒక్క పేరులో ఒకే నది రెండుసార్లు పారుతోంది. ఇన్ని పేర్లు పెట్టాక వృక్షశాస్త్రం చదివినవాళ్ళు వచ్చి, చింతచెట్టు పుట్టిల్లు ఆఫ్రికా అంటున్నారు. మన దేశానికి ఎప్పుడో ఎవరో తెచ్చి నాటారట. కాబట్టి హింద్ దేశపు ఖర్జూరం అన్నది ఖర్జూరమూ కాదు, హింద్‌లో పుట్టిందీ కాదు. ఆ మాట వినగానే, తప్పు చెప్పినవాళ్ళలో నేనొక్కదాన్నే కాదని నాకు కొంచెం ఊరట కలిగింది.

లక్ష్మీనారాయణ గారు మాత్రం ఊరటగా లేరు. రైలు దిగి, ప్లాట్‌ఫారం మీద నిలబడి, "రేపు సోమవారం. పొయ్యి పిల్లోళ్ళకు చెప్పు. తప్పు చెప్పినా, ఇదీ సంగతి అను. అయిదు నిమిషాల పని" అన్నారు. సరే సార్ అన్నాను.

మా నాయన నేసేటప్పుడు ఎప్పుడైనా ఒక పోగు తప్పి చీరలో చిన్న లోపం పడితే, ఆయన పెద్దగా బాధపడేవాడు కాదు. ఆ లోపం లోపలి మడతలో పడేట్టు చీరను మడిచి కొట్టుకు తీసుకుపోయేవాడు. కొట్టు షావుకారు చిత్రంగా ఆ మడతే ముందు విప్పేవాడు. "ఎట్లా కనుక్కుంటాడే వాడు" అని మా నాయన ఇంటికొచ్చి మా అమ్మతో ఆశ్చర్యపోయేవాడు. నేను ఆయన బిడ్డనే. సోమవారం క్లాసుకు పోయాను, సుద్దముక్క తీసుకున్నాను. ముందు బెంచీలో పిల్లలు చింతకాయ బొమ్మ గీసి, కింద ఊరి పేరు రాసి చార్టు తెచ్చి గోడకు అంటించారు. వెనక గౌరి తల వంచుకుని ఉంది. నేను గ్రామర్ చెప్పి బయటికొచ్చాను. తప్పును మడతలో పెట్టేశాను.

అప్పటి నుంచి తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నట్టు నేను, నన్ను మించి మీరు. చంద్రశేఖర్ గారు సంచులు వేయించారు, స్వప్న వాళ్ళ పాప స్కూల్లో ఉపన్యాసం చెప్పి బహుమతి తెచ్చుకుంది. నేను గుమ్మడికాయల దొంగలాగా ప్రతిసారీ భుజాలు తడుముకున్నాను. దేవుడు కూడా ఊరుకోలేదు, మధ్యలో నన్ను తీసుకుపోయి అయిదేళ్ళు రొద్దంలోనే పడేశాడు. రోజూ బస్సులో కండక్టరు "రొద్దం, రొద్దం" అని అరుస్తుంటే నాకొక్కదానికే వేరేగా వినిపించేది. లక్ష్మీనారాయణ గారు తర్వాత ఎన్నిసార్లు కలిసినా ఆ సంగతి అడగలేదు. నేను చెప్పి ఉంటానని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతోనే పోయారు.

(ముఖ్య అతిథి మధ్యలో: "టీచరమ్మా, నాకాడ ఇంగా వేల సంచులు ఉండాయే!" సభలో నవ్వులు)

ఉన్నవి అయిపోయేదాకా వాడండి చంద్రశేఖర్ గారూ. నా తప్పు మీద నిండుగా చింతపండు పోసి మూతి కుట్టేయండి. కొత్తవి వేయించేటప్పుడు మాత్రం నన్ను అడక్కండి, గౌరిని అడగండి.

గౌరి ఇప్పుడు పదిమంది ఆడవాళ్ళను పెట్టుకుని చింతపండు శుభ్రం చేసి ప్యాకెట్లు కట్టి పంపుతోంది. పోయిన నెల ఈ సభ పిలుపు కార్డు తీసుకుని వాళ్ళ షెడ్డుకు పోయాను. రాశి పక్కన కూర్చోమంది. నేను కూర్చుని, నాలుగు పండ్ల గింజలు తీసి, అవీ సరిగ్గా రాక, చివరికి చెప్పాను. ఆ రోజు నువ్వు అడిగిందే సరి, నేను చెప్పింది తప్పు, నన్ను క్షమించు అని. పని ఆపకుండానే విన్నది. "నాకు ఆ పొద్దే తెలుసు టీచర్" అన్నది. కాసేపటికి, "పోయిన నెల ఈడ పనిజేసే నాగరత్నమ్మ కొడుకు పెండ్లిలో గూడా నన్ను ఆ పేరుతోనే పిలిచినారు. పక్కన మా పాప ఉండాది. ఎందుకమ్మా అట్ల పిలుస్తారు అని అడిగింది. ఏమని చెప్పేది?" అన్నది. నేను చేతిలో పండు కింద పెట్టేశాను. "నాకు చెప్తే ఏమొస్తాది టీచర్? ఆ పొద్దు నగినోళ్ళకు చెప్పండి. వాళ్ళంతా ఆ దినం వస్తారు గదా. నేనూ వస్తా. ఎనక నిలబడి వింటా" అన్నది.

ఆ పొద్దు నవ్వినవాళ్ళు దాదాపు అందరూ ఇక్కడే ఉన్నారు. మీ తప్పు లేదు. మీకు పద్నాలుగేళ్ళు, నవ్వమని నేనే నవ్వించాను. వినండి. గౌరి అడిగింది సరైన ప్రశ్న. పేరు పెట్టినవాళ్ళు బహుశా చెట్టు చూడలేదు, తమ దగ్గరికి వచ్చిన సరుకు చూసే పెట్టి ఉంటారు. అంటే జవాబు కూడా ఆమె ప్రశ్నలోనే ఉంది. నేను దాన్ని విని ఉంటే ఆ రోజు మనమందరం ఒక కొత్త సంగతి నేర్చుకునేవాళ్ళం. దానికి బదులు ఒక పిల్లకు పేరు పెట్టి పంపాము. ఇకమీదట ఆ పేరు ఎవరి నోటా రాకూడదు. పెళ్ళిలో కానీ, వాట్సాప్ గ్రూపులో కానీ. టీచరుగా ఇది నా ఆఖరి ఆజ్ఞ, ఈ నెలాఖరు తర్వాత నా ఆజ్ఞలు చెల్లవు కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను.

గౌరీ, వెనక తలుపు దగ్గర నిలబడి ఉన్నావు, పాప కూడా వచ్చింది, కనిపిస్తోంది. అందరి ముందూ నిన్ను చిన్నబుచ్చాను, అందరి ముందే అడుగుతున్నాను. నన్ను క్షమించమ్మా.

ఏమిటి? ... అయ్యో, చెయ్యి ఎత్తింది. చూడండి, గౌరి చెయ్యి ఎత్తింది. స్వప్నా, పరిగెత్తు, మైకు ఆమెకివ్వు.

(గౌరి మైకులో: "టీచర్, ఒకటి అడగల్ల. మనం చింతపండు అంటాం. మా పక్కింటి కన్నడమోళ్ళు హుణసెహణ్ణు అంటారు. ఇద్దరికీ గోడ ఒకటే, వాడే పండు ఒకటే. పేర్లు ఇంత దూరం దూరంగా యాల పోయినాయి?")

తెలియదమ్మా.

నాకు తెలియదు. ముప్పై మూడేళ్ళలో నా విద్యార్థుల ముందు నిలబడి ఈ మాట అనడం ఇదే మొదటిసారి. (చప్పట్లు) ఆపండి, ఆపండి, తెలియనిదానికి చప్పట్లేమిటి? నాకు నిజంగానే తెలియదు గౌరీ. కానీ అడిగి తెలుసుకుంటాను. వచ్చే నెల నుంచి నాకు బెల్లు లేదు, పీరియడ్ లేదు. మీ పక్కింటి వాళ్ళతోనే మొదలుపెడతాను, వాళ్ళ అవ్వలు ఏమంటారో వింటాను.

ఇంత ఓపిగ్గా విన్న మీ అందరికీ, నన్ను తన మనిషిని చేసుకున్న ఈ ఊరికి, మళ్ళీ చెయ్యి ఎత్తిన గౌరికి నా కృతజ్ఞతలు. గౌరీ, జవాబు దొరికితే మీ షెడ్డుకు వచ్చి చెబుతాను. దొరక్కపోతే, దొరకలేదని చెప్పడానికైనా వస్తాను. సెలవు.